పక్క సీటు

మా బావను లారీల రిపేరు షెడ్డులో అందరూ జడ్జిగారు అంటారు. కోర్టు గుమ్మం తొక్కిన మనిషి కాదు గానీ, లారీకి కుదుపులు తగ్గించే షాకబ్జర్లు ఏవి వెయ్యాలో తేల్చాలంటే ఆయన మాటే చివరి మాట. చేత్తో ఓసారి నొక్కి చూసి, మీసం దువ్వుకుని, "మెత్తవి బద్ధకస్తులకి. గట్టివి వెయ్యి, హైవే మీద ఉయ్యాల్లో ఉన్నట్టుంటుంది" అనేవాడు. నమ్మి నేనూ నా బండికి గట్టివే వేయించి నడుం పోగొట్టుకున్నాను. చెబితే నవ్వి, "నీకు కూర్చోవడం చేతకాదు బామ్మర్దీ" అన్నాడు.

అక్క దూరప్రయాణాల్లో ఆయన వెంట వెళ్ళేది. దారిపొడవునా ఆయన కబుర్లు చెప్పడం, ఆవిడ ఊ కొట్టడం. ఆ ఊ కోసమే ఆయన లారీ తోలుతున్నాడేమో అనిపించేది. ఎక్కడ ఆగినా, "ఎలా ఉందోయ్ నా బండి?" అని అడిగేవాడు. "బాగుంది" అనేది అక్క.

బావ తన బండికీ గట్టివి వేయించుకున్న కొన్నాళ్ళకు అక్క రావడం మానేసింది. ఒకసారి ఇంట్లో పనుందంది, ఇంకోసారి ఎండగా ఉందంది. బావకు మింగుడు పడలేదు. "మీ అక్కకి నా మీద విసుగొచ్చిందిరా" అని నా దగ్గర ముఖం వేలాడేశాడు. ఆ బాధ కాస్తా కోపమైంది. అన్నం క్యారియర్ తెచ్చిన అక్కను పట్టుకుని షెడ్డులో పదిమంది ముందు, "మహారాణిగారికి మన లారీ ఎక్కడ ఆనుతుంది?" అన్నాడు. అక్క క్యారియర్ బల్ల మీద పెట్టి, మూత సరిచేసి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. అయినా అందరితోపాటు నేనూ టైర్లకేసి చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి ట్రిప్పులో లోడు దింపాక క్యాబిన్ మెట్టు దిగుతూ బావకు చీలమండ బెణికింది. తోడుగా వెళ్ళిన నేను స్టీరింగ్ పట్టాను. ఇన్నేళ్ళలో ఆయన పక్క సీట్లో కూర్చోవడం అదే మొదలు.

డ్రైవర్ సీటు కింద దానికంటూ వేరే స్ప్రింగు ఉంటుంది. పక్క సీటంటే ఇనప పెట్టె మీద పరిచిన రెక్సిను. పైగా లోడు లేని బండికి కుదుపెక్కువ. వంతెన మీద అతుకు అతుకుకీ బావ ఎగిరెగిరి పడ్డాడు. పట్టుకుందామని పిడి వెతికితే, దాని చుట్టూ గుడ్డ చుట్టి ఉంది. బొటనవేలు ఆనే చోట అరిగి నల్లబడింది. సీటు వెనక మడతపెట్టిన బొంత దొరికింది.

"ఇవెవరివి?"

"అక్కవి."

"నడుం నొప్పని నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పింది బావా. తనకీ కూర్చోవడం చేతకాదన్నావు. అప్పట్నించీ బాగుందనే చెప్తోంది."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆపనా?" అన్నాను. "వద్దు, పోనీ" అన్నాడు. బొంత పరుచుకోమంటే తల అడ్డంగా ఊపాడు. సిగ్గుతో కుంచించుకుపోయి, ఇల్లు చేరేదాకా ఆ దెబ్బలన్నీ అలాగే తిన్నాడు.

కాలు బాగయ్యాక బండిని షెడ్డుకి తెచ్చాడు. "పాడయ్యాయా జడ్జిగారూ?" అన్నాడు మేస్త్రీ. "పాడవలేదు. తెలీక ఈ గట్టివి వేయించాను. మీ అందరికీ వెయ్యమని చెప్పిందీ తెలీకే" అన్నాడు బావ, తలెత్తకుండా. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. గట్టిదనం మార్చుకోగలిగే రకం పెట్టించి, నన్ను ఖాళీ బండి తోలమని, తను పక్క సీట్లో కూర్చుని గతుకుల రోడ్డంతా తిరిగాడు. నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ బిగింపు తగ్గించాడు.

ఇంటికెళ్ళి గుమ్మంలోనే నిలబడ్డాడు. "పదిమందిలో నిన్నన్నాను. తప్పు నాదేనని ఆ పదిమందికే చెప్పొచ్చాను. ఈసారి వస్తావా?"

అక్క వచ్చింది, చంకలో బొంతతో సహా. నేను సీట్ల వెనకున్న పడక మీద కూర్చున్నాను. బండి నిజంగానే మెత్తగా పోయింది. కబుర్లరాయుడు బావ ఒక్క కబురూ చెప్పలేదు. దారిలో టీకి ఆపి, అక్క వైపు చూడకుండా, "ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

అదే మాట, అదే గొంతు. నమ్మాలో వద్దో తెలియక, ఇంకోసారి అడిగే ముఖం లేక, బావ స్టీరింగ్ కేసి చూస్తుండిపోయాడు. బండి ఆగే ఉంది. అక్క చెయ్యి మాత్రం పిడిని ఇంకా బిగించి పట్టుకునే ఉంది.