నర్సమ్మ పిన్ని కోపం

న్యూ టౌన్‌లో నేను పనిచేసే ఆసుపత్రి కింద రోజూ సాయంత్రం ఝాల్‌మూరి బండి ఆగుతుంది. మరమరాల్లో ఆవనూనె కలిపిన ఘాటు పైన నా గదిదాకా వస్తుంది. ఎవరికైనా నోరూరే వాసన అది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. నేను పెరిగిన టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి నర్సమ్మ పిన్ని అలాంటి బండి దాటాల్సి వస్తే కూతురి ముక్కుని కొంగుతో మూసి లాక్కెళ్లడం గుర్తొస్తుంది.

పిన్నిది టెక్కలి వైపు. భర్త పోయాక ఆయన బదులు ఈమెకి రైలు పెట్టెలు కడిగే పని ఇచ్చారు. గౌరి ఒక్కతే బిడ్డ. పిల్లకి పదేళ్లప్పుడు తలనొప్పితో మొదలై చూపు మసకబారింది. మెదడులో కణితి అన్నారు. ఆపరేషన్ చేసి తీశారు. పిల్ల బతికింది, చూపు నిలిచింది. పిన్ని క్వార్టర్సంతా మిఠాయి పంచింది. ఆ సంబరం తీరకముందే గౌరికి ఆకలి మొదలైంది.

అన్నం తిన్న చేయి కడగకముందే మళ్లీ అడిగేది. చూస్తుండగానే ఒళ్లు వచ్చేసింది. తిండి సగానికి సగం తగ్గించినా బరువు తగ్గలేదు. పిన్ని బియ్యం డబ్బాకి తాళం వేసింది. ఒకరోజు మా వంటింట్లో అట్లకని నానబెట్టిన బియ్యం గుప్పిళ్లతో తింటూ గౌరి దొరికిపోయింది. పిన్ని అట్లకాడ తీసుకుని కొట్టింది. మా అమ్మ అడ్డం వెళ్లినా ఆగలేదు.

"తిన్నా ఆకలి పోట్నేదమ్మా," అంది పిల్ల, నోట్లో ఇంకా బియ్యం ఉండగానే.

నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. డాక్టర్ల బెంగాలీ మాటలు తెలుగులో చెప్పడానికి పిన్ని నన్ను తోడు తీసుకెళ్లేది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు తన విద్యార్థుల ముందే గౌరిని బరువు తూచాడు. "తల్లి చాటుగా పెడుతోంది. ఇంట్లో కాస్త గట్టిగా ఉండమనండి," అన్నాడు. విద్యార్థులు నవ్వారు. పిన్ని తలవంచుకుంది. ఇంటికొచ్చి ఇంకా గట్టిగా ఉంది.

అలా రెండేళ్లు గడిచాక, ఆ ఆసుపత్రికే కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ పాత స్కాన్లు తీయించి చూసింది. మెదడు అడుగున ఆకలిని నడిపే చోటు ఉంటుంది, దాని పేరు హైపోథాలమస్ అని చెప్పింది. పొట్ట నిండినా, ఒంట్లో కొవ్వు చేరినా రక్తంలో కబురు అక్కడికి వెళుతుంది. అక్కడ న్యూరోపెప్టైడ్లనే రసాయనాలుంటాయి. కొన్ని తినమంటాయి, కొన్ని చాలంటాయి. గౌరికి కణితి అంటుకున్నదీ, దాన్ని తీసినప్పుడు దెబ్బతిన్నదీ ఆ చోటే. కబురు వెళుతోంది, అందుకునే దిక్కు లేదు.

"ఎంత తిన్నా ఈ పిల్ల మెదడుకి పస్తున్నట్టే ఉంటుంది. అందుకే ఒళ్లు ఖర్చు తగ్గించుకుని అంతా దాచేస్తోంది. ఇందులో పిల్ల తప్పు లేదు, మీ తప్పూ లేదు," అంది.

"ఇది ఆ పెద్దాయనకి తెలుసునా?" అని నా చేత అడిగించింది పిన్ని. ఈ ఆపరేషన్లలో ఇలా జరగొచ్చని డాక్టర్లందరికీ తెలిసిందేనంది డాక్టరమ్మ.

పిన్ని లేచి నేరుగా పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది. హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేసింది. నేను పక్కన నిలబడి ఆయనకి చెబుతూ పోయాను.

"ముందే చెబితే ఏం చేసేవారు? దీనికి సరైన మందే లేదు," అన్నాడాయన.

"మందు నేకపోతే నేదు బాబూ. నా పిల్ల తప్పు నేదని సెప్పడానికి మందు కావాలేటి? ఆకలని ఏడిసిన పిల్లని కొట్టినాను. మీరు గట్టిగా ఉండమంటే కొట్టినాను. ఆ దెబ్బలు ఎవలు ఎనక్కి తీసుకుంతారు?"

ఆయన గార్డుని పిలిచాడు.

ఆ తరవాత పిన్ని గౌరి మీద చెయ్యెత్తలేదు. డబ్బాకి తాళం మాత్రం తీయలేకపోయింది. క్వార్టర్స్‌లో ఎవరైనా పిల్లని తిండిపోతు అంటే వాళ్ల గుమ్మంలో నిలబడి కడిగేసేది. ఇరవై దాటాక గౌరి ఆ ఒంటి బరువుకి నిద్రలో ఊపిరాడక చనిపోయింది. శవం లేవకముందే ఒకాయన, "తిండే చంపింది పాపం," అన్నాడు. పిన్ని ఆయన చేయి పట్టుకుని లేపి, గేటు దాకా నడిపించి, బయట వదిలి వచ్చింది.

పిన్ని కూడా ఇప్పుడు లేదు. లావుగా ఉన్న పిల్లలకి ఆహారం గురించి చెప్పడమే నా ఉద్యోగం. బరువు చూడకముందే వాళ్లని ఒకటడుగుతాను: తిన్నందుకు ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా? చాలామంది తల్లి వైపు చూస్తారు. తల్లి నేల వైపు చూస్తుంది. అప్పుడు నాకు కోపం వస్తుంది. అది ఆ తల్లి మీద కాదు.