కూర్చుని పాడిన రాక్ కచేరీ

1996లో నన్ను మండపేట ప్రాంతంలోని ఒక చిన్న పోలీసు స్టేషన్‌కు సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఊళ్ళో ఎవరు మైకు పెట్టాలన్నా మాకు అర్జీ పెట్టుకోవాలి. మేము షరతులు రాసి పర్మిషన్ ఇస్తాం. పెళ్ళిళ్ళైనా సువార్త సభలైనా ఆ కాగితం మీదే నడిచేవి.

ఆ వేసవిలో దేవదానం గారనే ఇంగ్లీషు మాస్టారు అర్జీ తెచ్చారు. కాలేజీ రోజుల్లో ఆయనా, ముగ్గురు మిత్రులూ కాకినాడలో రాక్ బ్యాండు నడిపారట. ఇరవయ్యేళ్ళకు మళ్ళీ కలిసి, రైసుమిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళంలో ఒక సాయంత్రం ఆ పాత పాటలు వాయిస్తారట. ఇన్నాళ్ళూ బీరువా మీద దాచుకున్న గిటారు కిందికి దించానని సిగ్గుపడుతూ చెప్పారు.

నాకు ప్రాణం లేచివచ్చింది. మద్రాసులో డిగ్రీ చదివేటప్పుడు భుజాల దాకా జుట్టు పెంచి, వానలో తడుస్తూ ఒక విదేశీ బ్యాండు కచేరీ చూసినవాణ్ణి. మూడు రోజులు చెవులు గింగురుమన్నాయి. పోలీసు ట్రైనింగులో జుట్టుతో పాటు ఆ పిచ్చి కూడా వదిలిందనుకున్నాను. వదల్లేదు.

మా సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు మాత్రం అర్జీ చూసి నవ్వారు. జాతరల్లో సినిమా పాటలకు అమ్మాయిల చేత ఆడించే రికార్డింగ్ డాన్సుల మీద అప్పట్లో గట్టి నిఘా ఉండేది. “పేరు మార్చి అదే పెడుతున్నారయ్యా. స్టేజీ మీద ఒక్కరు ఆడినా సామాను పట్టుకో” అన్నారు. ఆ మాటే షరతుగా రాశాను.

అది చదివి మాస్టారి మొహం వాడిపోయింది. “చేతులు వాయిస్తుంటే కాళ్ళు ఊరుకోవండి. గిటారు పోతే మళ్ళీ కొనే ఓపిక నాకు లేదండి” అన్నారు.

“అయితే కూర్చుని పాడండి” అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అలా జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని, త్యాగరాజ ఆరాధనకు వచ్చినంత బుద్ధిగా, నలుగురు పెద్దమనుషులు రాక్ సంగీతం మొదలుపెట్టారు. డ్రమ్ములాయనకు మాత్రం కుర్చీ వేశారు. సర్కిల్ గారు మఫ్టీలో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మిల్లు కూలీలు ఈలలు వేశారు. స్టేజీ మీద ఒక్క మోకాలు కూడా కదల్లేదు.

ఇంతలో మైకు స్టాండు ఒరిగింది. కూర్చున్నవాళ్ళకు అందక, నేనే స్టేజీ ఎక్కి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే, మద్రాసు వానలో విన్న పాట అందుకున్నారు. స్టాండు పట్టుకున్నంత వరకు నాకు గుర్తుంది. జనం గోల విని చూసుకుంటే, యూనిఫాంలో నడుం ఊపుతూ గెంతుతున్నాను.

పాట ఆగిపోయింది. మాస్టారు గిటారును రెండు చేతులా గుండెకు హత్తుకున్నారు. సర్కిల్ గారు తాపీగా స్టేజీ ఎక్కారు.

“ఆడింది ఒక్కడేనా?” అని నన్నే అడిగారు.

“అవును సార్.”

“అయితే వాడి సామాను పట్టుకోవాలి” అంటూ నా టోపీ, లాఠీ తీసుకుని చంకలో పెట్టుకున్నారు. “మీరు కానివ్వండి మాస్టారూ” అని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

మర్నాడు రాతపూర్వక సంజాయిషీ తీసుకుని గాని వాటిని తిరిగి ఇవ్వలేదు. ఆ తర్వాత సర్వీసులో ఎన్నో షరతులు రాశాను. సంతకం పెట్టే ముందు, ఆ షరతును మొదట మీరేది నేనేనేమో అని ఒకసారి సరిచూసుకోవడం మాత్రం అలవాటైంది.