ఆత్మకూరులో మా ఇంటి కళ్ళు

మా తమ్ముడు కొండయ్య ఉదయగిరిలో చెక్క గరిటెలు చేస్తాడు. రెండేళ్ళుగా వాడి నల్లగుడ్ల నడుమ తెల్లటి మసక పెరిగి, ఈ ఎండాకాలానికి ఉలి మొన కూడా కనబడకుండా పోయింది. మా నాయనకూ ఇంతే. చెక్కపొట్టు పడి కళ్ళు పోతాయని మా ఇంట్లో నమ్మకం. అందుకే నేను ఇరవై ఏళ్ళకే ఉలి పారేసి సంత బేరాల్లో పడ్డాను. తెలివంటే నాదేనని వాణ్ణి ఆటపట్టిస్తూ వచ్చాను. కంటి పని తెలిసిన దొర డాక్టరు ఆత్మకూరులో మకాం వేశాడని విని ఇద్దరం బయలుదేరాం.

దారి ముప్పై మైళ్ళకు పైమాటే. కరువులో ఎడ్లు చచ్చాయి కనుక బండి దొరకడమే గొప్ప. రానుపోను మూడు రూపాయలు. తెల్లవారుతూనే కదిలితే మధ్యాహ్నం దాటాక మర్రిపాడు. అక్కడ అన్నం పెట్టే ఆమెతో మావాడు శిస్తు లెక్కలు చూసే జమాబందికి వచ్చిన ఉద్యోగస్తుడని చెప్పాను. చూపు ఆనక వాడు ఎవరివంకా చూడకపోతే, అదే దర్జా అనుకుని రెండుసార్లు నెయ్యి వేసింది.

"నీ అబద్ధాలన్నీ నా విస్తట్లో పడతా ఉండాయి అన్నా" అన్నాడు కొండయ్య, తింటూనే.

మర్నాడు పొద్దెక్కేసరికి ఆత్మకూరు చేరాం. డాక్టరు కొవ్వొత్తి పక్కగా పట్టించి భూతద్దంతో చూశాడు. ఆయన మాట కాంపౌండరు తెలుగులో చెప్పాడు.

"ఇది శుక్లం కాదు. నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఉండాదే, అది మసకబారింది. మీ ఇంట్లో ఇంకెవరికి ఉండాది?"

"మా నాయనకు. చెక్కపొట్టు పడినాది సామీ" అన్నాడు కొండయ్య.

"ఉలి పట్టనోళ్ళకు ఎవరికీ లేదా?"

"మా అక్కకుండాది. పొయ్యి పొగ అనుకున్నాం" అన్నాను నేను.

"పొట్టూ కాదు, పొగా కాదు. మీ వంశంలో దిగినాది."

చుక్కల మందుతో కంటిపాప పెద్దదయ్యాక వేళ్ళు చూపిస్తే కొండయ్య సరిగ్గా లెక్క చెప్పాడు. అంచున మసక లేదు కనుక, కంటిపాప చుట్టూ ఉండే నల్లతెరను అక్కడ కాస్త కోస్తే వెలుతురు దూరుతుందట. మసక మాత్రం పోదు. చీము పడితే కన్నే పోవచ్చు.

"ఎట్లయినా రెండూ పోతా ఉండాయి గదా. ఒకటి కొయ్యమను" అన్నాడు వాడు.

మత్తుమందు వాసన చూపించి ఎడమకన్ను కోశారు. వారం రోజులు కట్టు. విప్పిన పూట నేను గొంతు మార్చి, "ఎవరయ్యా నువ్వు?" అన్నాను.

వాడు తల పక్కకు వంచి చూశాడు. "గొంతు మార్చినావు సరే, మీసం ఎప్పుడు నెరిసినాది అన్నా?"

వాడికి చూపు వచ్చింది. ఆ సంతోషంలోనే కాంపౌండరు నన్నూ కొవ్వొత్తి ముందు కూర్చోబెట్టాడు. నా కళ్ళలోనూ చిన్న చిన్న తెల్లచుక్కలు మొదలయ్యాయి.

"తెలివంటే నీదే" అన్నాడు కొండయ్య.

ఉలి పారేసి నేను కాపాడుకున్నది ఏమీ లేదు. చేతికి రావలసిన పని ఒకటి పోయింది, అంతే. ఇప్పుడు పొద్దున్నే వాడి పక్కన కూర్చుని గరిటె కాడ నున్నగా చెయ్యడం నేర్చుకుంటున్నాను. ఆత్మకూరు వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: బండిలో చోటుంటే, కళ్ళు బాగున్నాయనుకునే తోబుట్టువులను కూడా ఎక్కించుకోండి.