సోఫా లేని గుమాస్తా పెనుగొండ ప్రయాణం

తుని నుంచి పెనుగొండ వెళ్ళాలనుకునేవాళ్ళు పొద్దున్నే పాసింజరెక్కి రాజమండ్రిలో దిగడం మేలు. అక్కణ్ణుంచి రావులపాలెం దాకా ఒక బస్సు, తర్వాత సిద్ధాంతం వంతెన మీదుగా ఇంకో బస్సు. నిడదవోలులో రైలు మారి తణుకులో దిగే దారి కూడా ఉంది గానీ, ఆ రెండో రైలు కోసం కాచుకునే ఓపిక నాకు లేకపోయింది. పెళ్ళాం అలిగి పుట్టింట్లో కూర్చున్నప్పుడు మనిషి ప్లాట్‌ఫారం మీద ఎంతసేపని కూర్చోగలడు!

ఆ అలకకి కారణం ఒక సోఫా. అదీ మాది కాదు.

ఎనభయ్యో దశకం చివరి రోజులవి. తునిలో మా వీధి మొత్తానికి ఒకే టీవీ, ఎదురింటి రైల్వే గార్డుగారిది. ఆదివారం సాయంత్రం హిందీలో ఒక నవ్వుల సీరియల్ వచ్చేది. నాగపూర్‌లో పనిచేసొచ్చిన గార్డుగారు పక్కన కూర్చుని మాకు తెలుగులో చెప్పేవారు. అందులో కథానాయకుడు నాలాగే గుమాస్తా. ఒక వారం అతను తన జీతమెంతో పెళ్ళాంతో అన్నాడు. నా జీతం కన్నా పదిహేను రూపాయలు తక్కువ! వాళ్ళింట్లో చూస్తే సోఫా, ఫ్రిజ్, ఫోను, కిటికీలకి పూలపూల తెరలు. వారానికో కొత్త చీర. మా ఇంట్లో ఒక మడత మంచం, రెండు ఇనప కుర్చీలు.

ఇంటికి రాగానే మా ఆవిడ సుగుణ అడిగింది. "ఆయన మీకంటే తక్కువ జీతంతో అన్నీ అమర్చాడు. మీ జీతం ఎటు పోతోందండీ?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. అదే కొంప ముంచింది. ఎటు పోతోందో నాకూ నిజంగా తెలియక ఆలోచిస్తూ నిలబడిపోయాను. ఆ మౌనంలో సుగుణకి ఇంకో ఆడది కనపడింది. "ఇంకో ఇల్లేమైనా నడుపుతున్నారా?" అని అడిగేసింది. మాకు పెళ్ళై ఏడాది కూడా కాలేదు. మర్నాడు పెట్టె సర్దుకుని పెనుగొండ వెళ్ళిపోయింది. రెండు వారాలు చూశాను. ఉత్తరం ముక్క లేదు. ఇంక లాభం లేదని సోమవారానికి సెలవు పెట్టి ఆదివారం ఆరున్నర పాసింజరెక్కాను.

రైలు పెట్టె నిండా తమలపాకుల బుట్టలు. పక్కన కూర్చున్న ఆకుల రైతు కూడా సర్పంచిగారింట్లో ఆ సీరియల్ చూస్తాట్ట. ఆ గుమాస్తాకి అన్ని సామాన్లు ఎలా వచ్చాయంటారని అడిగాను.

"ఊళ్ళో పొలం ఉండుంటదండి. కౌలు గింజలొస్తాయి. ఉత్త జీతం మీద ఎవరు బతుకుతారండీ?" అన్నాడాయన.

నాకు పొలం లేదు. సామర్లకోటలో రెండు ఇడ్లీ తిని కాఫీ తాగాను. కాఫీ వేడిగా ఉంది, అంతకు మించి చెప్పడానికేం లేదు. రాజమండ్రిలో దిగేసరికి పది. బస్టాండు దాకా రిక్షా రెండు రూపాయలు, బేరమాడినవాళ్ళకి.

రావులపాలెం బస్సులో పక్క సీటు పెద్దావిడ నా ప్రశ్న పూర్తిగా వినకుండానే తేల్చేసింది. "లంచం తింటాడు బాబూ. గుమాస్తా కదా!" నేనూ గుమాస్తానేనండి అన్నాను. ఆవిడ నా చొక్కా కాలరు వైపు కాసేపు చూసి, "మీరు తినరల్లే ఉంది" అని జాలిపడింది. జొన్నాడ దగ్గర గోదావరి దాటుతున్నప్పుడు జనమంతా పైసలు విసిరి దణ్ణాలు పెట్టుకున్నారు. నేనూ పెట్టాను, సుగుణ తిరిగొస్తే చాలని.

రావులపాలెంలో బస్సు దిగితే ఎటు చూసినా అరటి గెలలే. పెనుగొండ బస్సు కోసం చూస్తూ ఒక గెలల వ్యాపారిని కదిపాను. "అదంతా అద్దె సామానండి బాబూ! మా అమ్మాయి పెళ్ళికి విడిదింట్లో వేసిన సోఫా మాదనుకున్నారా ఏంటి?" అన్నాడు.

ఒకరు పొలమంటారు, ఒకరు లంచమంటారు, ఒకరు అద్దె అంటారు. బస్సు సిద్ధాంతం వంతెన మీద గోదావరి రెండో పాయ దాటుతుంటే నా జీతం సంగతి మళ్ళీ మొదట్నుంచి ఆలోచించాను. ఇంటద్దె, పాలు, మా అమ్మకి మనియార్డరు. తక్కినదేమైంది? నేనే ఎవరికైనా ఇచ్చేస్తున్నానేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది.

పెనుగొండలో దిగేసరికి ఒంటిగంట దాటింది. అమ్మవారి గుడి దగ్గర యాత్రికుల సందడి. మా మామగారిది ఆ పక్క వీధిలో కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ వీధిలో సగం కొనగలిగిన మనిషి, మడత పెట్టిన గోనెసంచి మీద కూర్చుని చింతపండు తూస్తున్నారు. కొనగలిగినాయనకి గోనెసంచి, కొనలేనివాడికి సోఫా! నా బుర్ర ఇంకా తిరిగింది.

"రండి రండి అల్లుడుగారూ" అని మర్యాద చేశారే గానీ సుగుణ మాత్రం నా మొహం వైపు చూడకుండా కాళ్ళకి నీళ్ళిచ్చింది. అన్నం తింటుంటే అత్తగారు తలుపు దగ్గర నిలబడి, "ఏవండీ, నెయ్యి అయిపోయింది" అన్నారు. కొట్లోంచి నెయ్యి డబ్బా వచ్చింది. సాయంత్రం పంచదారా, కాఫీపొడీ అలాగే వచ్చాయి. తూచిందీ లేదు, ధర అడిగిందీ లేదు.

సాయంత్రం అందరం ఎదురింటి బట్టల వ్యాపారిగారింట్లో ఆ సీరియలే చూశాం. ఆ వారం గుమాస్తా ఇంటికి చెప్పాపెట్టకుండా చుట్టాలొచ్చారు. అతని పెళ్ళాం నవ్వుతూ పళ్ళెం నిండా పూరీలు పెట్టింది. సుగుణ నా వైపు 'చూశారా' అన్నట్టు చూసింది. తిరిగొచ్చాక ఉండబట్టలేక మామగారిని అడిగాను, నెలకి ఇంట్లో సరుకులకి ఎంతవుతుందండీ అని.

ఆయన అయోమయంగా చూశారు. "ఇంట్లో సరుకులకి ఖర్చేంటండీ? కొట్టుంది కదా!"

ఏదో తట్టినట్టే తట్టి జారిపోయింది. చివరికి సుగుణతో, ఈ నెల జీతం మొత్తం నీ చేతికే ఇస్తాను, నువ్వే నడుపు అన్నాను.

"సోఫా వచ్చిందంటే మీరు ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసినట్టే" అంది.

"రాకపోతే?"

"అప్పుడు చూద్దాం" అంది గానీ, పెట్టె సర్దుకుంది.

సోమవారం పొద్దున్నే బయల్దేరాం. మామగారు సంచి నిండా పప్పులూ ఉప్పులూ కట్టబోతే వద్దన్నాను. మామగారి కొట్టు మీద బతుకుతున్నాడంటే నా పరువేం కాను? పెళ్ళైనప్పట్నుంచీ ఆఫీసు నుంచి వస్తూ వస్తూ నేనే సరుకులు తెచ్చి డబ్బాల్లో పోసేవాణ్ణి. సుగుణ తునిలో కొట్టు గుమ్మం ఎక్కనే లేదు.

రాజమండ్రి స్టేషను ఎదురుగా ఒక కిరాణా కొట్టు దగ్గర సుగుణని నిలబెట్టి టిక్కెట్లకి వెళ్ళాను. వచ్చేసరికి గోల. సుగుణ బల్ల మీది సబ్బూ, కొబ్బరినూనె సీసా తీసి సంచిలో వేసుకుని నా వైపు నడిచొచ్చేస్తోంది. వెనకాల కొట్టువాడు పరుగు.

"అమ్మాయిగారూ! డబ్బులండీ డబ్బులు!"

జనం పోగయ్యారు. సుగుణ సంచి వంకా, అతని వంకా చూసి బిక్కచచ్చిపోయింది. ఊళ్ళోవాళ్ళు కొట్లో డబ్బులివ్వడం పుట్టినప్పట్నుంచీ చూసిన పిల్లే. తను ఇవ్వడం మాత్రం ఎన్నడూ లేదు. డబ్బులిచ్చి, క్షమించమని చెప్పి రైలెక్కించాను.

సామర్లకోట దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అప్పుడు చిన్నగా అడిగింది.

"ఏవండీ, మనింట్లో బియ్యం కూడా కొంటున్నారా?"

"కొనకపోతే ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"పప్పూ?"

"పప్పూ, నూనే, చింతపండూ అన్నీను."

సుగుణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! జీతమంతా డబ్బాల్లోకే పోతోందా! ఎంత మాటన్నానండీ మిమ్మల్ని!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజానికి ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నేను దొంగని కానని తేలినందుకు ఆమె కన్నా నాకే ఎక్కువ సంతోషమేసింది.

పిఠాపురం దాటాక ఆమెకి మళ్ళీ అనుమానం వచ్చింది. "మరి ఆ సీరియల్ వాళ్ళింట్లో ఎవరూ కొట్టుకెళ్ళరేంటండీ? నిన్న అన్ని పూరీలకి పిండెక్కడిది?"

నాకేం తెలుస్తుంది! రెండు గోదావరి పాయలు దాటి వెళ్ళి, మళ్ళీ రెండూ దాటి వస్తున్నాను, ఆ గుమాస్తా ఎలా బతుకుతున్నాడో నాకింకా అంతుబట్టలేదు. సుగుణ మాత్రం అన్నవరం కొండ కనపడే దాకా ఆలోచించి, నా చెయ్యి పట్టుకుని, పాపం అతని పెళ్ళాం రహస్యం తెలిసిపోయినట్టు మెల్లగా చెప్పింది.

"ఆవిడ నాన్నకి కొట్టుండుంటుందండీ."