ఏడాది నిలబడితే పిల్లనిస్తామన్నారు

నిరుడు వేసవిలో ఆ వార్త నాకు మొదట తెచ్చింది పాలుపోసే పైడమ్మ. గుమ్మంలోనే నిలబడిపోయింది. "అమ్మా, మీ రమణ షెడ్డు మీదనుంచి పడిపోనాడట. పేనం పోనాదట."

కూర్మన్నపాలెంలో నాది చిన్న కుట్టు దుకాణం. నేను బడికి పోలేదు. చదువూ కుట్టూ అమ్మే ఇంట్లో నేర్పింది. అప్పన్న స్వామి దయవల్ల ఇన్నేళ్ళుగా ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనివాళ్ళ యూనిఫాంలే నాకు అన్నం పెడుతున్నాయి. కుర్రవాడు కంపెనీ మారితే జేబు మీది లోగో, అంటే కంపెనీ గుర్తు, విప్పి కొత్తది కుట్టాలి. విప్పిన చోట బట్ట వెలవకుండా ముదురు రంగులో మిగిలిపోతుంది. మా వీధి కుర్రవాడు రమణ జేబు మీద అలాంటి మచ్చలు ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి.

"మళ్ళీ మారావేటిరా?" అంటే నవ్వేవాడు. "పైకెక్కమంతారు పిన్నీ. హార్నెస్ అడిగితే రేపిత్తామంతారు. ఆ రేపొచ్చీదాకా నానుండను." హార్నెస్ అంటే ఎత్తున పనిచేసేవాళ్ళు ఒంటికి బిగించుకునే బెల్టు.

"ఈడి సొక్కాకి గుండీలకన్నా కంపెనీలెక్కువ" అని వాళ్ళమ్మ సత్తెమ్మ వెక్కిరించేది.

తరువాత రమణకు దువ్వాడ నుంచి సంబంధం వచ్చింది. ఒకరికొకరు నచ్చారు. పిల్ల తండ్రి మాత్రం, ఒక్కచోట ఏడాది నిలబడితేనే ముహూర్తం అన్నాడు. కూతురి గురించి ఆయన భయం ఆయనది, తప్పు పట్టలేను.

ఆ వారమే రమణ కొత్త లోగో తెచ్చాడు. "గట్టిగా కుట్టీ పిన్నీ. ఏడాదిదాకా పీకీది నేదు."

"అక్కడ బెల్టు ఇచ్చారా?"

"అడిగినాను. రేపిత్తారట." ఈసారి నవ్వలేదు.

ఆ ఏడాది నిండకుండానే, బెల్టు లేకుండా షెడ్డు కప్పు ఎక్కి జారిపడ్డాడు.

పరామర్శకు వెళ్ళేసరికి ఎవరో పెద్దాయన, "పాపం, కుదురు లేని కుర్రోడు" అంటున్నాడు. సత్తెమ్మ తలెత్తింది.

"కుదురుగానే ఉన్నాడు బాబూ. అందుకే పోనాడు."

ఈకాలం పిల్లలు ఉద్యోగాల్లో నిలవరని నా దుకాణంలోనే చాలామంది అంటుంటారు. జీతం కోసం మారేవాళ్ళున్నారు, విసుగెత్తి మారేవాళ్ళూ ఉన్నారు. ప్రాణం దక్కించుకోవడానికి మారేవాళ్ళుంటారని నాకు రమణ వల్లే తెలిసింది. ఇప్పుడు లోగో మార్చమని ఎవరు వచ్చినా, బతికి వచ్చాడు కదా అని స్వామికి మనసులో దండం పెట్టుకుంటాను.

సత్తెమ్మను ఓదార్చడానికి అయినవాళ్ళున్నారు. దువ్వాడలో ఆ పిల్లను పలకరించడానికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. పెళ్ళి కాలేదు కనుక ఆమె రమణకు ఏమీ కాదట. మీరు దీపం పెట్టుకునేటప్పుడు ఆ పిల్లను ఒక్కసారి తలచుకోండి.