కేస్ బుక్‌లో ఇరవై కాన్పులు

నర్సింగ్ చదివిన మూడేళ్లలో అమల ఒక్క కాన్పు కూడా చూడలేదు. కేస్ బుక్‌లో మాత్రం ఆమె చేసినట్టుగా ఇరవై కాన్పులున్నాయి. తల్లి పేరు, వయసు, బిడ్డ బరువు, మాయ పడిన సమయం అన్నీ తనే గుండ్రటి అక్షరాలతో రాసింది. హాస్టల్ వరండాలో అమ్మాయిలంతా సీనియర్ల పుస్తకాలు ముందు పెట్టుకుని, పేర్లు మార్చి ఎక్కించారు.

చిత్తూరులోని ఆ కాలేజీకి సొంత ఆసుపత్రి లేదు. ప్రాక్టికల్స్ కోసమని ఒక ప్రైవేటు ఆసుపత్రికి బస్సులో తీసుకుపోయేవారు. అక్కడ దుప్పట్లు మార్చడం, బీపీ చూడడం, రోగుల్ని స్కానింగ్‌కు తోసుకుపోవడమే పని. లేబర్ రూమ్‌లోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు.

"కాన్పులు ఎప్పుడు సూపిస్తారు మేడం?" అని ఒకసారి ట్యూటర్‌ని అడిగింది.

"పుస్తకం నింపినావు గదా, నేను సంతకం పెట్టినా గదా. ఇంకేం కావాల నీకు?" అందామె.

సర్టిఫికెట్ వచ్చిన ఆదివారం అమల తల్లి సుబ్బులమ్మ దాన్ని బంగారుపాళ్యం చర్చికి తీసుకుపోయి ప్రార్థన చేయించింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆమె, ఆ కాగితాన్ని తన చేతి మరకలు అంటకుండా చీర కొంగుతో పట్టుకుంది.

అమలకు తిరుపతిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం దొరికింది. లేబర్ రూమ్ డ్యూటీ వేశారు. మొదటి రెండు నెలలు డాక్టరమ్మ పక్కనే ఉండేది. అమల కత్తెర, దూది అందించేది, అంతే.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం, శ్రీకాళహస్తి దగ్గరి పల్లె నుంచి లోహిత అనే అమ్మాయి తొలి కాన్పుకి వచ్చింది. డాక్టరమ్మ వేరే ఆసుపత్రిలో ఆపరేషన్‌కి పోయి ఉంది. అర్ధగంటలో వస్తానని ఫోన్‌లో చెప్పింది. నొప్పులు ఆగలేదు.

"తల కనపడతా ఉండాది సిస్టరమ్మా, చేతులు పెట్టు!" అని అరిచింది ఆయా గురవమ్మ.

అమల గ్లోవ్స్ వేసుకుంది గానీ చేతులు కదల్లేదు. గురవమ్మ ఆమెను పక్కకు నెట్టి బిడ్డను తనే పట్టుకుంది. మగబిడ్డ. ఒళ్లంతా నీలంగా ఉంది. ఏడవలేదు.

"గాలి కొట్టే బ్యాగు తీసుకో సిస్టరమ్మా! అది నాకు తెలవదు. నువ్వు సదివినావు గదా!"

అమల బిడ్డ ముఖం మీద మాస్కు పెట్టి బ్యాగు నొక్కింది. గాలి పక్కనుంచి బుస్సుమని పోయింది. ఇదే ప్రశ్నకు పరీక్షలో ఆమె పేజీన్నర జవాబు రాసింది. ప్రతి వాక్యమూ గుర్తుంది. మళ్లీ నొక్కింది, మళ్లీ నొక్కింది. బిడ్డ రొమ్ము పైకి లేవలేదు. డాక్టరమ్మ వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఎవరూ ఆమెనేమీ అనలేదు. మరునాడు లోహిత ఆమె చెయ్యి పట్టుకుని, "నా బిడ్డ కోసరం శానా అల్లాడినావు సిస్టర్," అంది. అమల బాత్‌రూమ్‌లోకి పోయి గొళ్లెం పెట్టుకుని, నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చింది. డ్యూటీ మార్చమని అడిగితే, "సర్టిఫికెట్ ఉండేది నీకే గదమ్మా, ఇంకెవుర్ని పెట్టేది?" అన్నాడు మేనేజర్.

వారం తర్వాత కేస్ బుక్ సంచిలో పెట్టుకుని ఒక ప్రభుత్వాసుపత్రికి వెళ్లింది. అక్కడ నర్సులకు శిక్షణ ఇచ్చే హెడ్ నర్సు జయంతి ముందు ఆ పుస్తకం తెరిచింది.

"ఇవన్నీ అబద్ధాలు మేడం. జీతం వద్దు. నన్ను మీ వెనకాల నిలబడనీండి."

జయంతి పేజీలు తిప్పి మూసేసింది. "ఈ మాట ఇంకెవురికీ చెప్పబాక. నీ రిజిస్ట్రేషన్ పోతాది. ఈడ శిక్షణ గవర్నమెంటు స్టాఫుకే. బయటోళ్లని రానిస్తే నన్ను అడుగుతారు."

అమల మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత కూడా వెళ్లింది. నాలుగోసారి జయంతి చేతిలోని టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టి, "పావుగంట, అంతే," అని శిక్షణ గది తాళం తీసింది.

బల్ల మీద రబ్బరు బిడ్డ ఉంది. జయంతి దాని తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం కింద అమల వేళ్లు సర్ది, మాస్కు అంచు ఎక్కడ అదమాలో చూపించింది. అమల బ్యాగు నొక్కింది. బొమ్మ రొమ్ము మెల్లగా పైకి లేచింది.

"ఇంతేనా మేడం?" అంది. మళ్లీ అదే మాట, ఈసారి గొంతు చీరుకుపోయేలా. "ఇంతేనా? మూడేండ్లలో ఈ పావుగంట లేకపాయనా మా కాలేజీ వాళ్లకి?"

జయంతి బొమ్మ తలను మళ్లీ సరిచేసింది. తిండి మానేసి, భోజన విరామం ముగిసే గంట కొట్టేదాకా ఆమె చేత నొక్కిస్తూనే ఉంది.

అమల ఇప్పటికీ అదే నర్సింగ్ హోమ్‌లో ఉంది. ఆ తర్వాత ఊపిరి లేకుండా పుట్టిన బిడ్డలు ఇద్దరు ఆమె చేతికొచ్చారు. ఒక బిడ్డ ఏడ్చింది. రెండో బిడ్డ కడుపులోనే పోయిందని, నీ తప్పేమీ లేదని డాక్టరమ్మ స్కానింగ్ కాగితాలు చూపించి మరీ చెప్పింది. అమల తలూపింది గానీ నమ్మలేదు.