గుమ్మడికాయకి మొదటి గాటు

పక్షవాతం వచ్చాక మా ఆయనకి మెత్తటి సూపు తప్ప ఏదీ గొంతు దిగేది కాదు. అందుకే స్లో కుక్కర్ కొన్నాను. తీరా గుమ్మడికాయ కోయబోతే మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆడది మొదటి గాటు పెట్టకూడదట, పక్కింటాయన్ని పిలుస్తానంది.

నాకు ఒళ్లు మండింది. "ఏం, ఇంట్లో మగాడు లేడా?" అన్నాను. కాయని మా ఆయన దగ్గరికి తెచ్చి, ఒకప్పుడు మిరపకాయల బస్తాలెత్తిన ఆ చేతిలోనే కత్తి పెట్టాను. వేళ్లు ముడుచుకోలేదు. వాటి మీద నా చెయ్యి వేసి గట్టిగా నొక్కితే కాయ రెండు చెక్కలైంది.

ముక్కలు సాయంత్రం దాకా మెల్లగా ఉడికాయి. మెత్తగా మెదిపి ఉప్పు, కాస్త మిరియాల పొడి వేశాను. కారం వెయ్యలేదు.

"నువ్వు కోసిన కాయేరా, తాగు," అంది అత్తయ్య మురిపెంగా.

ఆయన, పొద్దున కత్తి నొక్కిన నా చేతి వంక చూశారు. చెంచా దగ్గరికి తెచ్చినా నోరు తెరవలేదు.